పదో తరగతి బ్యాచ్ సమ్మేళనానికి వెళ్లాలా, వద్దా: నిర్ణయించుకునే పద్ధతి

తెలియని నంబరు నుంచి ఫోను వస్తుంది. ఎత్తగానే "ఏమప్పా, గొంతు గుర్తుపట్టినావా?" అని అవతలి మనిషి అడుగుతాడు, గుర్తుపట్టకపోయినా పట్టినట్టే నవ్వుతాం. ఆ పూటే మన నంబరు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరిపోతుంది. తెల్లవారేసరికి వందల సందేశాలు పేరుకుంటాయి, వాటి మధ్య ఎక్కడో ఆత్మీయ సమ్మేళనం తేదీ, ఫంక్షన్ హాలు పేరు, చందా మొత్తం కనబడతాయి. కర్నూలు పాతబస్తీలోని ఒక బడిలో చదివి 1988లో పదో తరగతి పరీక్ష రాసిన నాకు ఈ పిలుపు ముప్పై ఏళ్లు నిండాక వచ్చింది. మొదటిసారి ఆలోచించకుండా వెళ్లి సగం సంతోషంతో, సగం చిరాకుతో తిరిగి వచ్చాను. రెండోసారి కుదురుగా ఆలోచించుకుని వెళ్లాను. ఆ రెండు ప్రయాణాల వల్ల నాకు తెలిసివచ్చిన పద్ధతి ఇది.

మొట్టమొదట, రెండు రోజులు ఎవరికీ జవాబు ఇవ్వకూడదు. గ్రూపులో అందరూ వరుసగా "వస్తున్నా" అని పెడుతుంటే మన వేలు కూడా ఆగదు; ఆ తరువాత మానుకుంటే మాట తప్పినవాళ్లం అవుతాం. ఈ రెండు రోజుల్లో నిర్వాహకులలో ఒకరికి విడిగా ఫోను చేసి ఆనాటి కార్యక్రమం ఏ వరుసలో జరుగుతుందో కనుక్కోవాలి. మా వైపు సమ్మేళనాలు చాలావరకు ఒకే తీరుగా నడుస్తాయి: పొద్దున ఉగ్గాని, బజ్జీలు; మెడలో వేసుకునే పేరు కార్డులు; జ్యోతి ప్రజ్వలన; చనిపోయిన సహాధ్యాయుల కోసం రెండు నిమిషాల మౌనం; గురువులకు శాలువాలు, జ్ఞాపికలు; ఒక్కొక్కరూ మైకు పట్టుకుని చేసుకునే పరిచయం; భోజనం; గ్రూపు ఫొటో. ఇందులో గురువుల సన్మానం ఎంతసేపు, స్వపరిచయాలు ఎంతసేపు, ఊరికే కూర్చుని మాట్లాడుకునే సమయం ఎంత అన్నది తప్పకుండా అడగాలి. మూడోదానికి గంట కూడా మిగలని కార్యక్రమమైతే మీరు వెళ్లేది స్నేహితుల దగ్గరకు కాదు, ఒక సభకు.

అసలు నిర్ణయం దీని తరువాతి పనిమీద ఆధారపడి ఉంటుంది. గ్రూపు తెరవకుండా, ఎవరినీ అడగకుండా, ఒక కాగితం తీసుకుని మీరు నిజంగా చూడాలనుకుంటున్నవాళ్ల పేర్లు రాయండి. పూర్తి పేరు గుర్తులేకపోతే "మూడో బెంచీ, సైకిలు మీద వచ్చేవాడు" అని రాసినా చాలు. ఆ పేర్లలో ఎవరెవరు వస్తున్నారో తరువాత కనుక్కోండి. ముగ్గురు నలుగురు వస్తున్నారంటే ఇక తర్కం అనవసరం, బయలుదేరవచ్చు. కాగితం మీద ఒకే ఒక్క పేరుండి, ఆ మనిషి రావడం లేదని తేలితే, ఆ ఖర్చూ ఆ ఆదివారమూ పెట్టి నేరుగా ఆ మనిషి ఇంటికే వెళ్లడం మేలు. ఒక్క పేరూ రాయలేకపోతే మీకున్నది మనుషుల మీద బెంగ కాదు, ఆ వయసు మీద బెంగ. దాన్ని ఫంక్షన్ హాలు తీర్చలేదు. నేను పదకొండు పేర్లు రాశాను. వాళ్లలో ఇద్దరు అప్పటికే లేరని గ్రూపులో వెతికేదాకా నాకు తెలియదు. మైకులో మౌనం పాటించమన్నప్పుడు ఆ సంగతి మొదటిసారి వినడం కంటే ముందే ఇంట్లో తెలుసుకోవడం మంచిదని అనుభవంతో చెబుతున్నాను.

చూడకూడదనుకునేవాళ్ల పేర్లు కూడా అదే కాగితం వెనక రాయాలి. మనుషులకు సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగిన సంగతులు మిగతా వయసులవాటికంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ సంగతుల్లో ఆనందాలే కాదు, అవమానాలూ ఉండవచ్చు. మనల్ని తరగతిలో అందరి ముందూ వెక్కిరించినవాడికి ఆ సంగతి గుర్తే ఉండకపోవచ్చు, వాడు భుజం మీద చెయ్యి వేసి "రేయ్, ఎట్లున్నావ్ రా?" అని ప్రేమగానే అడుగుతాడు. అప్పుడు నవ్వగలనా, లేదా అని మిమ్మల్ని మీరు ముందే ప్రశ్నించుకోండి. నవ్వలేనని అనిపిస్తే వెళ్లకపోవడం పిరికితనం కాదు. వాడితో పాత లెక్క తేల్చుకోవడానికే వెళ్లాలనిపిస్తే మాత్రం కచ్చితంగా మానుకోండి, ఎందుకంటే మిగతా యాభై మంది ఆ రోజు కోసం చందా కట్టి ఉంటారు.

మార్కుల సంగతి ఇంకో ముల్లు. మా రోజుల్లో ఫలితాలు దినపత్రికల్లో నంబర్ల వరుసగా అచ్చయ్యేవి; నంబరు లేకపోతే వీధి మొత్తానికి తెలిసిపోయేది. ఆరు వందల మార్కులకు మూడు వందల అరవై దాటినవాడు ఫస్టు క్లాసు, తప్పినవాడు సప్లిమెంటరీ. అప్పుడు తప్పినవాళ్లను చాలా గ్రూపులు మరిచిపోతాయి, ఎందుకంటే వాళ్లు ఆ ఏడాది "పాసైన బ్యాచ్" జాబితాలో ఉండరు. గ్రూపు మంచిదో కాదో చూడడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఇదే: తప్పినవాళ్లు, మధ్యలో బడి మానేసి మెకానిక్ షెడ్డులోనో పొలంలోనో చేరినవాళ్లు అందులో ఉన్నారా? ఉంటే నిర్వాహకులు మనుషులను వెతికారని అర్థం, మీరు ధైర్యంగా వెళ్లవచ్చు. లేకపోతే, వెళ్లే ముందు మీకు తెలిసిన అటువంటి ఒకరిద్దరి నంబర్లు చేర్పించండి. మొదటి సమ్మేళనంలో నాకు కలిగిన చిరాకుకు కారణం ఇదే. స్వపరిచయాలు ఉద్యోగ హోదాల ప్రకటనలా సాగాయి, నేను కూడా నా హోదా చెప్పుకునే దిగాను.

ఆడవాళ్లకు ఈ నిర్ణయం మరికొంత బరువైనది. పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారడం వల్ల వాళ్లను వెతకడమే కష్టం, దొరికినా ఫోను ఎత్తేది భర్తో కొడుకో కావచ్చు. మా తరగతి ఆడపిల్లల్లో మొదటిసారి వచ్చినవాళ్లు నలుగురే. రెండోసారి పదిహేనుమంది వచ్చారంటే, ఆ నలుగురిలో ఒకామె మిగతావాళ్ల ఇళ్లకు స్వయంగా ఫోను చేసి, అందరూ కలిసి ఒకే బండిలో వచ్చేట్టు ఏర్పాటు చేయడమే కారణం. ఫొటోలు ఎవరు తీస్తారు, ఎక్కడ పెడతారు అని ముందే అడగడంలో మొహమాటం అక్కరలేదు. చీకటి పడ్డాక కొందరు మగవాళ్లు విడిగా "కూర్చునే" కార్యక్రమం చాలాచోట్ల ఉంటుంది, ఆహ్వానపత్రికలో మాత్రం ఉండదు. అది ఇష్టం లేనివాళ్లు, మగవాళ్లయినా ఆడవాళ్లయినా, గ్రూపు ఫొటో కాగానే బయలుదేరేట్టు బస్సు చూసుకోవాలి.

డబ్బు గురించి రెండు మాటలు చాలు. చందా భారమైతే లెక్కలు చూసే మనిషికి విడిగా చెప్పండి, ఏ మంచి బ్యాచ్ లోనైనా ఆ తేడా సర్దేవాళ్లు ఉంటారు. సమ్మేళనం అయిన నెలలోపు సహాధ్యాయులు ఎవరు ప్లాటు చూపించినా, చీటీలో చేరమన్నా, చేబదులు అడిగినా నెల తరువాత మాట్లాడదామని చెప్పండి.

దూరం నిర్ణయానికి పెద్ద అడ్డు కాకూడదు. హైదరాబాదు నుంచి కర్నూలు రెండు వందల పది కిలోమీటర్ల చిల్లర. పొద్దున్నే బయలుదేరితే గురువుల సన్మానం వేళకు అందుకోవచ్చు. పూర్తిగా వెళ్లడమా, పూర్తిగా మానడమా అని తర్జనభర్జన పడేవాళ్లకు నా సలహా, మధ్యాహ్నం భోజనం దాకా ఉండి వచ్చేయడం. "రెండింటికి బయలుదేరతాను" అని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. మొదటిసారి కుటుంబాన్ని తీసుకువెళ్లకండి. వాళ్లకు తోడుగా కూర్చోవడంతోనే మీ రోజు గడిచిపోతుంది. మానుకోవాలని నిర్ణయించుకుంటే గ్రూపులో పొడుగాటి సంజాయిషీ పెట్టకుండా, మిమ్మల్ని పిలిచిన మనిషికి ఫోను చేసి రెండు వాక్యాల్లో చెప్పండి. చూడాలనుకున్న పేర్లలో గురువు పేరుంటే ఆ ఇంటికి మరొక రోజు పళ్లు తీసుకుని వెళ్లండి. ఎనభై దాటిన సారుకు సభలో శాలువా కంటే మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడే అరగంటే వినబడుతుంది.

కర్నూలువాళ్లకు మరో లెక్క కూడా ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్లతో పాటు బడి ఫొటోలు కూడా నీళ్లపాలయ్యాయి. మా ఇంట్లోనూ అంతే. మా తరగతి ఫొటో నేను మళ్లీ చూసింది రెండో సమ్మేళనంలోనే. వరదకు ముందే ఆదోనికి మకాం మార్చిన ఒకతను దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. కాబట్టి మీ దగ్గర అటువంటి ఫొటో ఏదైనా మిగిలి ఉంటే, వెళ్లినా వెళ్లకపోయినా, దాన్ని శుభ్రంగా ఫోనులో ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. వెళ్లేవాళ్లు భోజనాల వేళ ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని, కింది వరుస నుంచి పై వరుస దాకా ఒక్కొక్కరి పేరూ కాగితం మీద రాయాలి. గుర్తురానివాళ్ల దగ్గర ఖాళీ వదిలి, రాలేకపోయినవాళ్లకు ఆ ఖాళీలు పంపి అడగాలి. మా ఫొటోలో పై వరుస చివరి కుర్రాడి పేరు ఆ హాలులో ఎవరికీ గుర్తురాలేదు. రానని చెప్పి ఇంట్లోనే ఉండిపోయిన ఒకామె సాయంత్రం నాలుగింటికి ఆ పేరు పంపింది.