నెమ్మదైన గుర్రం ఉన్నట్టుండి పగ్గం విడిపించుకుని పారిపోతుంటే

నిన్నటిదాకా ఎవరు పట్టుకున్నా వెంట నడిచిన గుర్రం ఇవాళ తల విదిల్చి, పగ్గం లాక్కుని పరుగు తీసింది. అప్పుడు లాయంలో మొదట వినిపించే మాట 'దీనికి పొగరెక్కింది'. ఆ వెంటనే 'ఇంకా కరుకైన కళ్లెం వేద్దాం' అంటారు. ఇంత జరిగినా గుర్రాన్ని ఒకసారి తాకి చూసేవారు మాత్రం కనిపించరు. దయచేసి ముందు తాకి చూడండి. ఏళ్ల తరబడి బుద్ధిగా ఉన్న జంతువు రాత్రికి రాత్రి స్వభావం మార్చుకోదు. దానికి ఎక్కడో నొప్పి ఉండాలి, లేదా దేనికో భయపడుతూ ఉండాలి, లేదా తప్పించుకుంటే లాభమని కొత్తగా తెలిసి ఉండాలి.

గుర్రాన్ని నడిపించడం, కట్టడం, గిట్టలు ఎత్తి చూడడం మీకు తెలుసన్న నమ్మకంతో రాస్తున్నాను.

ముందు ఈ ఒక్క పని చేయండి

గడిచిన రెండు మూడు వారాల్లో ఏమేమి మారాయో గుర్తు చేసుకోండి. దాణా, ఎండుగడ్డి, జీను, హాల్టర్ (పగ్గం తగిలించడానికి తలకు తొడిగే పట్టీలు), లాడాలు, పక్క గదిలోని గుర్రం, నడిపించే మనిషి, రోజువారీ పని, అన్నీ లెక్కలోకి తీసుకోండి. తర్వాత హాల్టర్ తీసి చెవుల వెనక, చెక్కిళ్ల ఎముకల మీద రాపిడి పుండ్లు ఉన్నాయేమో చూడండి. చెవుల వెనక నుంచి మెడ, మూపు, నడుము దాకా వేళ్లతో నిదానంగా నొక్కుతూ రండి. ఎక్కడ చర్మం ముడుచుకుంటుందో, ఎక్కడ చెవులు వెనక్కి వాలతాయో అక్కడ ఆగండి. నాలుగు గిట్టలనూ అరచేత్తో తాకి, ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉందేమో గమనించండి. దీనికి పట్టేది కాసేపే. నన్ను పిలిచిన చోట్ల ఎక్కువసార్లు జవాబు ఇక్కడే దొరికింది, అయినా ఈ పని అప్పటికి ఎవరూ చేసి ఉండరు.

నడిపిస్తుంటే మెడ అవతలికి తిప్పి, భుజంతో లాక్కుపోతుంది

ఇది నేర్చుకున్న విద్య. ఏదో ఒక రోజు దేనికో బెదిరి లాగింది, పగ్గం జారింది, గుర్రం నేరుగా పచ్చగడ్డిలోకి వెళ్లింది. అంతే, దారి తెలిసిపోయింది. మెడ తిన్నగా చాచి, భుజం మీకు దూరంగా పెట్టి బరువు వేశాక 500 కిలోల జంతువును ఏ మనిషీ ఆపలేడు. కాబట్టి పట్టుకోవలసింది అంతకుముందు క్షణాన్ని. లాగబోయే గుర్రం ముందుగా మెడ బిగిస్తుంది, అవతలి చెవిని తాను వెళ్లదలచిన వైపు తిప్పుతుంది. అప్పుడే ముక్కు మీ వైపు వంగేలా పగ్గాన్ని చిన్నగా లాగి వదలండి, వెనకభాగం పక్కకు జరిగేలా చుట్టూ తిప్పండి. పగ్గం పొడుగ్గా ఉండాలి, చేతికి తొడుగులు ఉండాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మైదానంలో వదిలేటప్పుడు గేటు లోపలికి వెళ్లాక గుర్రాన్ని మళ్లీ గేటు వైపు తిప్పి నిలబెట్టండి. తల దించేదాకా ఆగి, హాల్టర్ తీసి, మీరే ముందుగా వెనక్కి అడుగు వేయండి. గుర్రం మైదానం వైపు చూస్తుండగా హాల్టర్ విప్పే అలవాటు ఈ రోగాన్ని చాలా లాయాల్లో పెంచి పోషిస్తోంది.

జీను చూడగానే తప్పుకుంటుంది, పట్టీ బిగిస్తే కరవబోతుంది

జీను సరిపోతోందా అని చూడండి. గుర్రం ఒళ్లు చేసినా చిక్కినా నిరుటి జీను ఈ ఏడు సరిపోదు. పళ్ల అంచులు పదునెక్కి చెక్కిలిని కోస్తుంటే కళ్లెం దగ్గర కూడా ఇదే తంతు నడుస్తుంది. ఇవి రెండూ కాకపోతే కడుపులో పుండ్లను అనుమానించండి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. గంటల తరబడి గడ్డి లేకుండా కట్టేసి, దాణా మాత్రం దండిగా పెడితే పుండ్లు పడతాయి. రోజుకు ఒంటి బరువులో కనీసం 1.5 శాతం గడ్డి పడాలి, అంటే 500 కిలోల గుర్రానికి ఏడెనిమిది కిలోలు. పుండ్లు ఉన్నాయో లేదో పశువైద్యుడు కడుపులోకి దించే కెమెరా గొట్టమైన ఎండోస్కోప్‌తో చూసి చెబుతారు.

పని తగ్గించి గింజల దాణా అలాగే కొనసాగిస్తున్నారా? దాణా తగ్గించి, పని పెంచండి. తోడు గుర్రం దూరమైతేనే గోల చేస్తోందా? కొంచెం కొంచెంగా విడదీసి అలవాటు చేయండి. ఈ రెండింటికీ ఇంతకంటే వివరం అక్కరలేదు.

ఒకే వైపు బెదురుతుంది, కొన్ని రోజులు మాత్రమే

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. కారణం కన్ను.

గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. రెండూ కలిసి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూస్తాయి. నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం తప్ప దానికి కనిపించనిది ఉండదు. ఒక కన్ను మసకబారిందంటే సగం లోకం చీకటైనట్టే. అయినా మీకు వెంటనే తెలియదు. అలవాటైన లాయంలో, అలవాటైన దారిలో అది జ్ఞాపకంతో నడుస్తుంది. కొత్త చోటుకు తీసుకెళ్లినప్పుడు, సాయంకాలం వెలుతురు తగ్గాక, ఎండలోంచి చీకటి షెడ్డులోకి అడుగు పెట్టేటప్పుడు బయటపడుతుంది. మామూలు గుర్రం కన్నే చీకటికి అలవాటు పడడానికి మన కంటికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఇక జబ్బు కన్ను సంగతి చెప్పనక్కరలేదు.

మనం గుర్రాన్ని ఎడమ పక్కన ఉండి నడిపిస్తాం. కుడి కన్ను పోతే ఆ పక్క నుంచి వచ్చే బండి, కుక్క, గాలికి ఎగిరే పట్టా అన్నీ ఉన్నట్టుండి మీద పడినట్టు ఉంటాయి, దాంతో అది మీ మీదికే దూకుతుంది. ఎడమ కన్ను పోతే మీరే ఉన్నట్టుండి ఊడిపడతారు, అప్పుడు మీ నుంచి పారిపోతుంది. చూసేవాళ్లు మొదటిదాన్ని దురుసుతనం అంటారు, రెండోదాన్ని మొండితనం అంటారు.

ఒక మగ గుర్రాన్ని చూడమని పిలిచారు. షెడ్డు గుమ్మం దగ్గర రోజూ పగ్గం తెంపుకునేది. పెంకిదని ముద్ర వేసి, ముక్కు మీదుగా గొలుసు కూడా తగిలించారు. నేను గుమ్మానికి ఇవతలే ఆగి, దాని ముఖానికి ఎదురుగా నిలబడి రెండు కళ్లనూ పోల్చి చూశాను. ఎడమ కంటి పైరెప్ప వెంట్రుకలు నేలకు సమాంతరంగా ముందుకు చాచి ఉన్నాయి. కుడి కంటివి కిందికి వాలి ఉన్నాయి. కుడి కంటి లోపలి మూలలో ఎండిన నీటి చార. కనుపాప ఆ మసక వెలుతురులో కూడా సన్నగా ముడుచుకుని ఉంది, దాని అంచు నున్నగా లేదు. అది పదే పదే తిరగబెట్టే యువైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు. గుర్రాల్లో చూపు పోవడానికి ప్రపంచమంతటా ముఖ్య కారణం ఇదే.

ఇది జిత్తులమారి జబ్బు. దాడి వచ్చినప్పుడు కన్ను నొప్పి పెడుతుంది, నీరు కారుతుంది, నీలి మబ్బు కమ్ముతుంది. కొన్నాళ్లకు తగ్గిపోయి కన్ను బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు మరిచిపోతారు. వారాలకో నెలలకో మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ లోపల కొంత చెడి వెళుతుంది. ఒంటి రోగనిరోధక శక్తి సొంత కంటి మీదే తిరగబడడం దీని మూలం. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరా క్రిములు చాలాసార్లు దీనికి మొదటి నిప్పు పెడతాయి. అపలూసా జాతి గుర్రాలకు ముప్పు మరీ ఎక్కువ.

మీరే పరీక్షించుకునే తీరు ఇది. అరచేతిని కంటి వైపు నెమ్మదిగా తీసుకెళ్లండి, గాలి తగలనివ్వకండి. గాలి తగిలితే గుడ్డి కన్ను కూడా రెప్ప వేస్తుంది, మీరు మోసపోతారు. రెండు కళ్లకూ విడివిడిగా చేయండి. తర్వాత చుట్టూ కంచె ఉన్న చోట, నెమ్మదిగా ఉన్న సమయం చూసి, ఒక కన్నుకు గుడ్డ కట్టి, వదులు పగ్గంతో నాలుగైదు బకెట్ల మధ్య నడిపించండి. తర్వాత రెండో కన్నుకు కట్టండి. ఎటు కట్టినప్పుడు బకెట్లకు తగులుతుందో చూడండి, అప్పుడు తెరిచి ఉన్న కన్నే చెడిన కన్ను.

కన్ను సగం మూసి, నీరు కారుతూ ఉంటే అదే రోజు వైద్యుడిని పిలవండి, మరునాటికి వాయిదా వేయకండి. కనుపాపను తెరిపించే అట్రోపిన్, వాపు తగ్గించే మందులు వారే ఇస్తారు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయకండి. కంటి పైపొర మీద పుండు ఉంటే ఆ చుక్కలతో కన్నే పోవచ్చు. అందుకే వైద్యులు ముందు రంగు చుక్క వేసి పుండు లేదని నిర్ధారించుకుంటారు. ఎండలో ముఖానికి ఈగల ముసుగు వేస్తే కంటికి హాయి. లాయంలో నీరు నిలవనీయకండి, ఎలుకలను దాణా దగ్గరికి రానీయకండి.

చూపు తిరిగి రాకపోయినా ఒంటికన్ను గుర్రం చక్కగా పని చేస్తుంది. గుడ్డి పక్కనే నడుస్తూ, దగ్గరికి వచ్చేముందు పేరు పెట్టి పిలిచి, భుజం మీద చేయి వేసి ఉంచండి. ఆ మగ గుర్రానికి చేసింది ఇంతే, గొలుసు తీసేశాం. ఇప్పుడు గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, తల దించి చూసుకుని లోపలికి వస్తుంది.

అరుదైనవి

ఆడగుర్రం మగగుర్రంలా ప్రవర్తిస్తుంటే అండాశయంలో కణితి ఉందేమో స్కాన్ చేయించండి. తూలుతూ, చొంగ కారుస్తూ, మింగలేకపోతూ స్వభావం మారితే రేబిస్ అయ్యే అవకాశం ఉంది. నోట్లో చేయి పెట్టకుండా దూరంగా ఉండి వైద్యుడికి ఫోను చేయండి. మెదడులో గడ్డ ఉందేమోనని మొదటి రోజే కంగారు పడేవారు ముందు హాల్టర్ విప్పి చెవుల వెనక చూడండి.