మంచం పట్టిన పెద్దల్ని చూసుకునేవాళ్లకు: ఏ పిలుపుకు వెళ్లాలి, ఏది ఆగుతుంది

పక్షవాతం వచ్చాక అత్తమ్మను మదనపల్లె నుంచి బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి తెచ్చుకుని మూడేళ్లయింది. నేను తప్పులు చేసి నేర్చుకున్నవి ఇవి.

సమస్య: పది నిమిషాలకోసారి పిలుస్తారు. వెళ్తే పెద్ద పనేం ఉండదు. ఆ పిలుపు వింటేనే గుండె దడ.

కారణం: చాలాసార్లు భయం. మనిషి కనబడకపోతే వదిలేశారేమో అనిపిస్తుంది. పైగా ఏ పిలుపు ఆగుతుందో, ఏది ఆగదో మనమూ విడదీసుకోలేదు.

పరిష్కారం: మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, చెయ్యి ఉన్నట్టుండి పడిపోవడం, ఊపిరాడకపోవడం, పొలమారడం, తడిసిన పక్కబట్ట, ఇవి ఆగవు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కూడా అంతే, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. టీవీ చానల్, దిండు సర్దడం, కబుర్లు ఆగుతాయి. "అత్తమ్మా, మీటింగ్ ఉంది, పదకొండున్నరకు వస్తాను" అని గడియారం చూపించి చెప్పండి. పదకొండున్నరకు తప్పకుండా వెళ్లండి. నేను మొదట్లో "ఇప్పుడే వస్తా" అని అరగంటైనా వెళ్లేదాన్ని కాదు, దాంతో ఆమె ఇంకా ఎక్కువ పిలిచేవారు. చెప్పిన టైముకు వెళ్లడం మొదలుపెట్టాక రెండు వారాల్లో పిలుపులు తగ్గాయి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం చెప్పింది గుర్తుండదు. అక్కడ ఏ గంట ఎవరిదో ఇంట్లోవాళ్లు పంచుకోవాల్సిందే.

సమస్య: ఆడపడుచు తిరుపతి నుంచి రోజూ ఫోన్లో సలహాలు చెబుతారు. రావడం మాత్రం ఉండదు.

కారణం: "మీరూ కాస్త చూసుకోండి" అన్నామే గానీ, ఫలానా పని, ఫలానా రోజు అని అడగలేదు.

పరిష్కారం: ఆ మాట కోడలు కాదు, కొడుకు అడగాలి. "అక్కా, నెలలో రెండో శని, ఆదివారాలు అమ్మ దగ్గర నువ్వుండు. తను పుట్టింటికి వెళ్లొస్తుంది." తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా పిల్లలంటే కొడుకుతో పాటు కూతురినీ లెక్కేసింది. దాన్ని చూపించి బెదిరించమని కాదు, అడగడం తప్పనుకునే కోడళ్ల కోసం చెబుతున్నాను.

సమస్య: ఆయమ్మ చేతి అన్నం తినరు, "నువ్వే పెట్టు" అంటారు.

కారణం: కొత్త చెయ్యి, ఒక్కోసారి తెలియని కన్నడ.

పరిష్కారం: తెలుగు వచ్చిన ఆయమ్మను వెతకండి. వారం పాటు మీరు పక్కనే కూర్చోండి, ముద్ద మాత్రం ఆమెనే పెట్టనివ్వండి.

సమస్య: చెయ్యెత్తాలనిపించేంత కోపం. పడుకున్నా నిద్ర పట్టదు, ఊరికే ఏడుపు.

కారణం: నెలల తరబడి నిద్రలేమి. డిప్రెషన్ కూడా కావచ్చు.

పరిష్కారం: ఆ క్షణాన మంచం రెయిలింగ్ ఎత్తి, ఇంట్లో ఇంకొకరిని లేపి, పక్క గదిలోకి వెళ్లిపోండి. రోజులు గడిచినా తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలిమానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులో ఉంటే ఇక్కడే మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, వెళ్లడానికి మొహమాటపడకండి. నేనూ ఒక రాత్రి రెండింటికి ఆయన్ని లేపి పక్క గదిలోకి వెళ్లాను. తెల్లారేదాకా ఆయనే అమ్మ దగ్గర కూర్చున్నారు. అప్పటినుంచి శుక్ర, శనివారాల రాత్రులు ఆయనవి.