సినిమాకు వియోగ గీతం రాయడం ఎలా?

ప్రేమించిన మనిషి పోయాక పాడే పాట అనగానే కన్నీరు, గుండెకోత, శూన్యం, ఎడారి లాంటి మాటలు వెంటనే చేతికొస్తాయి. ముందుగా వాటినే పక్కన పెట్టాలి. అవి ఎవరి దుఃఖానికైనా అతుకుతాయి, అందుకే ఎవరి దుఃఖమూ కాకుండా పోతాయి. వినేవాళ్లకు పోయిన మనిషి కనబడాలి, ఆ మనిషి లేని ఇల్లు కనబడాలి. ఒక కల్పిత సందర్భం తీసుకుని, పల్లవి పుట్టిన దగ్గర్నుంచి గొంతు రికార్డయ్యే దాకా పని ఎలా సాగుతుందో చూద్దాం.

సందర్భం అడిగి రాసుకోండి

దర్శకుడు ‘హీరోయిన్ చనిపోయింది, శాడ్ సాంగ్ కావాలి’ అంటే అది సందర్భం కాదు. ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టాలి: పాట ముందు సీను ఎక్కడ ఆగింది, తర్వాతి సీను ఎక్కడ మొదలవుతుంది? పాడేది పాత్రేనా, లేక మాంటేజ్ మీద వెనకనుంచి వచ్చే గొంతా? చావు సంగతి ప్రేక్షకుడికి తెలుసా, పాత్రకు తెలుసా? ఆ పాత్ర ఏ ఊరి మనిషి, ఎలాంటి మాటలు వాడతాడు? పాత్ర పెదవులు కదిపితే మాట అతని నోటికి తగినట్టుండాలి. పడవ నడిపేవాడు సంస్కృత సమాసాలు పాడితే తెర మీద నమ్మకం పోతుంది. వెనక గొంతైతే భాషకు కాస్త స్వేచ్ఛ ఉంటుంది.

మన సందర్భం ఇది. గోదావరి లంక గ్రామం. వరదలో పడవ బోల్తా పడి భార్య గల్లంతైంది, మనిషి దొరకలేదు. నెల గడిచింది. ఇక రాదని ఊరంతా తేల్చేసింది. భర్త మాత్రం రాత్రిపూట తలుపు గడియ పెట్టడం లేదు. దర్శకుడు చెప్పిన పది సంగతుల్లో పాట ఈ చివరి దాంట్లోనే ఉంది. ఇలాంటి ఒక్క వస్తువో, ఒక్క అలవాటో దొరికేదాకా కాగితం మీద పల్లవి పెట్టొద్దు.

బాణీ ముందా, మాట ముందా

రాసిన సాహిత్యానికి బాణీ కట్టడం సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి పద్ధతి. మాటలోని ఊపిరి బాణీలోకి వస్తుందన్నది దానిలో ఉన్న బలం. ఇప్పుడు ఎక్కువగా బాణీయే ముందు వస్తుంది. సంగీత దర్శకుడు ‘తాన తాననా’ అంటూ పాడి ఫోనులో పంపిస్తే, దాని మీటరుకు, అంటే బాణీ కొలతకు, మాటలు కూర్చాలి. రెండింటిలో ఏదైనా టెంపో ముందుగా తేలిపోవాలి. ఇలాంటి పాటకు నిమిషానికి 60 నుంచి 76 దెబ్బల మధ్య నడక బాగుంటుంది. అంతకన్నా తగ్గితే తెలుగులోని హ్రస్వాలు సాగిపోయి దీర్ఘాల్లా వినబడతాయి, ‘పడి’ కాస్తా ‘పాడి’ అయి కూర్చుంటుంది.

64 బీపీఎం (నిమిషానికి 64 దెబ్బలు), నాలుగు దెబ్బల బార్ తీసుకుంటే ఒక బార్ 3.75 సెకన్లు, 64 బార్లు సరిగ్గా 4 నిమిషాలు. పంపకం ఇలా చేసుకోవచ్చు: మొదటి ఆలాపన 4 బార్లు, పల్లవి 8, పల్లవి మొదటి సగం మళ్లీ 4, ఇంటర్‌లూడ్ (మధ్యలో వచ్చే వాద్య సంగీతం) 8, మొదటి చరణం 12, పల్లవి సగం 4, చిన్న ఇంటర్‌లూడ్ 4, రెండో చరణం 12, చివరి పల్లవి 8. థియేటర్ ప్రింటులో రెండో చరణం కత్తెరకు పోవడం మామూలే. అది లేకపోయినా కథ తెగకుండా ఉండేలా మొదటి చరణం రాసుకోవాలి.

రాగం సంగతికొస్తే శివరంజనిని ఈ పనికి ఎన్నోసార్లు వాడారు, ఇంకా అరగలేదు. ఒక చిన్న సౌకర్యం కూడా ఉంది. మోహన రాగానికీ దీనికీ తేడా ఒక్క గాంధారమే (‘గ’ స్వరం). ఒకటో శ్రుతిలో హార్మోనియం మీద స, రి, ప, ద అవే తెల్లమెట్లు. మోహనకు గాంధారం తెల్లమెట్టు, శివరంజనికి దాని ఎడమపక్క నల్లమెట్టు. సినిమా మొదట్లో ఇద్దరూ పాడుకున్న పాట మోహనలో ఉంటే, అదే బాణీలో గాంధారాన్ని మాత్రం ఒక్క మెట్టు దించి ఇప్పుడు వినిపించవచ్చు. ప్రేక్షకుడికి రాగం పేరు తెలియకపోయినా ఏదో పోయిందని చెవికి తెలుస్తుంది.

పల్లవిని మాత్రల్లో కూర్చోబెట్టండి

ఇక్కడ తొందర పడకూడదు. బాణీలో ఒక్కో పాదానికి రెండు బార్లు, దెబ్బకు రెండు మాత్రల లెక్కన 16 మాత్రలు వచ్చాయనుకుందాం. హ్రస్వాక్షరం ఒక మాత్ర. దీర్ఘమూ, సున్నా ఉన్న అక్షరమూ, అదే మాటలో ఒత్తుకు ముందున్న అక్షరమూ రెండు మాత్రలు.

మామూలు మాటల్లో ‘తలుపు వేయలేదు’ అంటాం. పాటకు అది కుదరదు. ‘తలుపు’ మూడూ హ్రస్వాలే కావడంతో ఎత్తుగడలోనే పరుగు వస్తుంది. ‘వాకిలి’ దీర్ఘంతో మొదలవుతుంది, గొంతు నిలవడానికి చోటిస్తుంది. అలా పల్లవి ఇలా తేలింది:

వాకిలి మూయలేదు నేనూ
వాన లోనికొస్తూ ఉన్నా
రావని ఊరే చెబుతున్నా
వాకిలి మూయలేదు నేనూ

ప్రతి పాదంలోనూ 14 మాత్రలున్నాయి, మిగతా రెండూ సాగతీతకు. ఆ సాగతీత ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. మొదటి పాదాన్ని వరసగా పాడేస్తే ‘లే’ ఎనిమిదో మాత్ర మీద మొదలై బార్ గీత మీద పడి నలిగిపోతుంది. ‘య’ను ఒక మాత్ర, ‘దు’ను ఒక మాత్ర సాగదీస్తే ‘వా– కిలి మూ– య– | లే– దు– నే– నూ–’ అని 16 నిండుతాయి. ‘లే’ సరిగ్గా రెండో బార్ మొదటి దెబ్బ మీద కూర్చుంటుంది. పాదంలో బరువున్న మాట అదే కాబట్టి తాళంలో బరువున్న చోటు దానికే దక్కాలి. రెండో పాదంలో ‘న’, ‘ని’ సాగుతాయి. మూడో పాదంలో సాగేది చివరి ‘నా’ ఒక్కటే.

అచ్చుల్ని కూడా చూసుకోవాలి. బాణీ తారస్థాయికి (పై స్థాయికి) ఎక్కే చోట ‘ఆ’, ‘ఓ’, ‘ఏ’ ఉంటే నోరు తెరుచుకుంటుంది. ‘ఈ’, ‘ఊ’ పడితే గొంతు బిగుసుకుని శ్రుతి కిందికి జారుతుంది. ఇక్కడ మూడో పాదం పైకెక్కి ‘ఆ’తో ఆగుతుంది. ‘ఊ’తో ముగిసే ఒకటో, నాలుగో పాదాలు కిందికి దిగుతాయి. బాణీ తిరగబడి వస్తే మాటల్నీ తిప్పుకోవాలి. ‘ట్ట’, ‘డ్డ’, ‘క్ష’ లాంటివి ఇంత నెమ్మది నడకలో రాయి తగిలినట్టుంటాయి. వ, న, ల, మ, ర ఎక్కువున్న పాదం జారుతూ పోతుంది. వాడకూడదని కాదు, నొప్పి ఉన్న చోట ఒక్కటి కావాలనే వేయొచ్చు.

చరణాలు

రెండు చరణాల్లోనూ ఒకే బాధను వేర్వేరు మాటల్లో చెప్పడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. మొదటి చరణానికి గతం, రెండో చరణానికి ఇప్పుడు అనుకుంటే కాలం కదులుతుంది. గతంలోనూ పెళ్లి, తొలిచూపు లాంటి పెద్ద ఘట్టాలకన్నా చిన్నవి మేలు: పడవ దిగేటప్పుడు ఆమె చెయ్యి అందించిన తీరు, దీపం బుడ్డి మసి తుడిచిన చీర చెంగు. రెండో చరణంలో వాకిలి దగ్గరికే తిరిగి రావాలి. ఉదాహరణకు:

గడప మీద నీ పసుపూ
వాన కడిగి పోతున్నా

ఈ రెండు పాదాల్లో ఏడుపన్న మాట లేదు. గడపకు పసుపు రాసిన మనిషి లేదు, రాసిన పసుపూ మిగలడం లేదు, వాకిలి తెరిచి ఉంచడం వల్లే అది పోతోంది. పల్లవిలోని వానకు ఇక్కడ పని దొరికింది. పల్లవిలో పెట్టిన వస్తువు చరణంలో ఎక్కడా ఉపయోగపడకపోతే దాన్ని మార్చుకోవడం మంచిది.

చరణం ఎత్తుగడ పల్లవికన్నా పైస్థాయిలో ఉంటే, చివరి పాదం మెట్టు మెట్టుగా దిగి పల్లవికి అందాలి. అర్థం కూడా అలాగే అందాలి. చరణం ఆఖరి పాదాన్నీ పల్లవి మొదటి పాదాన్నీ కలిపి ఒకే వాక్యంలా చదివి చూడండి. అతకకపోతే వినేవాళ్లకు అక్కడ కుదుపు తెలుస్తుంది.

ఇక చివరి పల్లవి. దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ పాడించొచ్చు, కానీ పాత్ర నాలుగు నిమిషాల తర్వాత కూడా అక్కడే ఉన్నాడా? ఆఖరి పాదంలో ఒక్క అక్షరం మారుద్దాం:

వాకిలి మూయలేను నేనూ

‘లేదు’ ‘లేను’ అయింది. ‘దు’కూ ‘ను’కూ మాత్ర ఒకటే, బాణీలో ఏమీ కదలదు. ఇన్నాళ్లూ ఆమె వస్తుందని మూయని మనిషి, రాదని తెలిసి కూడా మూయలేకపోతున్నాడు. ఊరు నెలరోజులుగా చెబుతున్నదాన్ని అతను ఒప్పుకున్నది ఈ అక్షరంలోనే. దీన్ని మళ్లీ ఇంకో పాదంలో వివరించొద్దు. సంగీత దర్శకుడికి మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ చోట కోరస్సో, తబలా ముక్తాయింపో పెడితే అక్షరం మునిగిపోతుంది.

గొంతు, వాద్యాలు

ముందు ట్రాక్ సింగర్‌తో (నమూనాకు పాడే గాయకుడితో) పాడించి దర్శకుడికి వినిపిస్తారు. మాట మార్పులన్నీ ఆ దశలోనే తెమల్చుకోవాలి. అసలు గాయకుడికి శ్రుతి ఖాయం చేసేటప్పుడు పై స్వరం అందుతుందా అన్నదొక్కటే చూస్తే చాలదు. బాణీ మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) నుంచి తార గాంధారం (పై స్థాయి ‘గ’) దాకా తిరిగితే ఒకటిన్నర స్థాయి దాటుతుంది. పైన బాగా పలికే గొంతు కింద గాలిగా వినబడవచ్చు, ఈ పల్లవి బరువంతా కిందే ఉంది. అరమెట్టు అటూ ఇటూ మార్చి రెండుసార్లు పాడించి చూడాలి.

తెలుగు రాని గాయకులకు పాట వాళ్ల లిపిలో రాసిచ్చి వదిలేయడం సరిపోదు. ‘ల’, ‘ళ’ తేడా, ‘చాలు’లోని దంత్య చకారం, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తులు పెట్టి, పాట రాసినవాళ్లే మాట పలికి వినిపించాలి. ‘లోనికొస్తూ’ మధ్యలో ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలవుతుంది.

ఏడుస్తూ పాడమని గాయకుణ్ణి అడగొద్దు. ఏడుపు తెచ్చుకున్న గొంతు బిగుసుకుంటుంది, ‘న’, ‘మ’ ముక్కులోకి పోతాయి, పైగా వినేవాళ్లకు ఏడవడానికి ఏమీ మిగలదు. పక్కనున్న మనిషితో చెప్పినట్టు పాడమంటే చాలు. మైకుకు జానెడు దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టి పాడిస్తే ‘పసుపు’లోని పకారాలు గాలి దెబ్బ కొట్టవు. పాదం పాదం విడిగా రికార్డు చేసి అతికించడం తేలికే కానీ, చివరి పల్లవి నాలుగు పాదాలూ ఒకే టేకులో ఉంటే ఊపిరి నిజంగా వినబడుతుంది.

గొంతు తిరిగే స్థాయిలోనే వయొలిన్లు నిండితే రెండూ కొట్టుకుంటాయి. పాదం నడుస్తున్నంతసేపూ తీగవాద్యాలు ఒక స్వరం పట్టుకుని ఉండి, పాదం ఆగాక కదిలితే బాగుంటుంది. వేణువును పల్లవిలో అసలు వాడకుండా ఇంటర్‌లూడ్‌కు దాచుకోవచ్చు.

ఒప్పందం మీద సంతకానికి ముందు ఒక మాట. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం మినహా మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో సమాన వాటా గీత రచయితకూ, స్వరకర్తకూ ఉంటుంది. వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఆ హక్కును ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని పాట వివరాలు నమోదు చేయించుకోవాలి.

మిక్సింగ్ అయ్యాక పెద్ద స్పీకర్ల మీద విని సరిపెట్టుకోకుండా మామూలు ఫోను స్పీకర్లో, ఫ్యాను తిరుగుతున్న గదిలో, పాట తెలియని మనిషికి వినిపించండి. ఆఖరి పాదంలో ఏం విన్నారో అడగండి. ‘మూయలేదు’ అని చెబితే రెవెర్బ్ (గొంతుకు కలిపే ప్రతిధ్వని) తగ్గించి, ఆ బార్‌లో తీగల్ని ఇంకాస్త దించి, ‘ను’ వినబడేదాకా మళ్లీ మిక్స్ చేయించాలి.