హైవే మీద వీల్ బేరింగ్ మోగితే

విజయవాడ రోడ్డెక్కి చౌటుప్పల్ దాటాక, వేగం 80కి చేరగానే కింద నుంచి బుయ్‌మని మోత మొదలైందనుకోండి. పాట ఆపేసి, అద్దాలు దించి వినండి. దారి ఖాళీగా ఉన్నప్పుడు గేర్ న్యూట్రల్ చేసినా మోత తగ్గకపోతే ఇంజిన్‌ది కాదు. తారు రోడ్డు పోయి సిమెంట్ రోడ్డు రాగానే శబ్దం మారిందంటే టైర్లది. యూటర్న్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకమంటే సీవీ జాయింట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే ఇరుసు చివర ఉండే కీలు). ఇవేవీ కాకుండా వేగంతో పాటు పెరుగుతూ, వంపుల్లో తేడాగా వినిపిస్తే బేరింగ్‌నే, అంటే చక్రం సాఫీగా తిరిగేలా దాని మధ్యలో ఉండే బాల్స్ లేదా రోలర్ల రింగునే అనుమానించాలి. కుడివైపు తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. కాబట్టి అప్పుడు మోత పెరిగితే ఎడమవైపు చూడండి.

ఎంత చెడింది?

బ్రేక్ ఎక్కువగా వాడకుండా మెల్లగా ఆపి, హబ్ (చక్రాన్ని బిగించే మధ్యభాగం) దగ్గరగా అరచేతి వెనకభాగం పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. అవతలి చక్రం కంటే బాగా వేడిగా ఉంటే అనుమానం బలపడినట్టే. తర్వాత సమతలమైన చోట మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎక్కించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదులుతోందా? పక్కనున్నవాళ్లను బ్రేక్ తొక్కమనండి. ఆ కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) లాంటిది.  దీనికోసం బండి కిందికి మాత్రం దూరొద్దు, జాకీని నమ్మలేం.

చక్రం ఊగుతుంటే ఇక నడపకూడదు. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి సాయం అడగండి, బండిని ఎక్కించి తీసుకెళ్లడమే దారి. మోత మాత్రమే ఉంటే 40 దాటకుండా, మధ్యమధ్యలో ఆగి వేడి చూసుకుంటూ దగ్గరి ఊరికి చేరొచ్చు. టెన్షన్‌లో తొందరపడి లాగించొద్దు.

ఎందుకు పోతుంది?

వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలోంచి బండి నడిపితే సీల్ దాటి నీరు లోపలికి చేరుతుంది. గ్రీజు పాడై తుప్పు పడుతుంది, మోత కొన్ని వారాల తర్వాత గానీ బయటపడదు. గుంతల్లో పడే దెబ్బలు, ఇదివరకు సుత్తితో కొట్టి బిగించడం కూడా కారణాలే.

దారిలో ఏం చేయగలం?

అది మీ బండిలో ఏ రకం బేరింగ్ ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. పాత జీపుల ముందు చక్రాల్లో ఉండే టేపర్ రోలర్ రకాన్ని రోడ్డు పక్కనే బాగుచేయొచ్చు. స్ప్లిట్ పిన్ తీసి, నట్ విప్పి, రోలర్లను డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. రోలర్ల మీద గుంతలు, నీలం మచ్చలు లేకపోతే గ్రీజును అరచేతిలో పెట్టుకుని, అవతలి వైపు బయటికి వచ్చేదాకా రోలర్ల మధ్యకి నొక్కండి. చక్రం తిప్పుతూ నట్ బిగించి, కొద్దిగా వదులు చేసి, కొత్త పిన్ పెట్టండి. మరీ బిగిస్తే వేడెక్కి మళ్లీ పోతుంది.

హబ్‌తో కలిపి బోల్టులతో వచ్చే రకమైతే పెద్ద సాకెట్, పొడుగాటి పైపు, ఓపిక ఉంటే చాలు. యాక్సిల్ నట్‌ను చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, తిరిగి బిగించేటప్పుడు కొత్త నట్ వేయాలి.

చాలా చిన్న కార్ల ముందు చక్రాల్లో ఉండే, ప్రెస్‌తో ఎక్కించే రకాన్ని మాత్రం రోడ్డు మీద ముట్టుకోవద్దు. లేత్ పని చేసే షాపుల్లో, హైదరాబాద్ వైపైతే వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో ప్రెస్ దొరుకుతుంది. అక్కడ నిలబడి చూడండి: కొత్త బేరింగ్‌ను నకిల్‌లోకి (బేరింగ్ కూర్చునే ఇనుప భాగం) నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద నొక్కితే ఆ బలం బాల్స్‌కి తగిలి, కొత్తదే మోగడం మొదలవుతుంది. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి అయస్కాంతపు సీల్ వైపు సెన్సర్ వైపుకే రావాలి, తిరగేస్తే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది.

పని అయ్యాక ఓ 50 కిలోమీటర్లు నడిపి, వీల్ నట్లు మరోసారి బిగించుకోండి.