ఆల్చిప్ప నుంచి పాతకాలపు వానల లెక్క తీయడం ఎలా?

చెరువు పూడిక తీసినప్పుడో, వరదకు కృష్ణ ఒడ్డు కోసుకుపోయినప్పుడో మట్టిలోంచి తెల్లటి ఆల్చిప్పలు బయటపడతాయి. ఆ జీవి బతికినన్నాళ్లూ చుట్టూ ఉన్న నీళ్లలోంచే సరుకు తీసుకుని పొర మీద పొరగా గుల్ల కట్టుకుంటుంది. ఆ నీళ్ల గుణం పొరల్లో అలాగే నిలిచిపోతుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే వర్షమాపకాలు లేని కాలపు వానల గురించి మనకు తెలుస్తుంది.

మూలసూత్రం చిన్నదే. ఆక్సిజన్‌లో తేలిక రకం 16, బరువు రకం 18 ఉంటాయి. గుల్లలో ఈ రెండింటి నిష్పత్తి నీటి వేడిని బట్టి మారుతుందని 1947లో రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ చెప్పారు. 1950ల మొదట్లో శామ్యూల్ ఎప్‌స్టీన్ బృందం సముద్రపు గుల్లలతో దానికి సమీకరణం కట్టింది. సముద్రపు నీరు పెద్దగా మారదు కాబట్టి అక్కడ గుల్ల థర్మామీటర్‌లా పనికొస్తుంది. మన చెరువు సంగతి వేరు. ఎండాకాలం తేలిక ఆక్సిజన్ ఎక్కువగా ఆవిరైపోయి బరువుది మిగులుతుంది, జోరువాన పడితే మళ్లీ తేలికది నిండుతుంది. అందుకే నల్లగొండ, పాలమూరు గుల్లల్లో వేడి కన్నా వానల జాడే ఎక్కువ దొరుకుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఆ గుల్ల ఏ నీళ్లలో పెరిగిందన్నది. నా దృష్టిలో పనంతటికీ ఇదే కీలకం. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది, తుంగభద్ర కర్ణాటక నుంచి వచ్చి అలంపూర్ దాపున కలుస్తుంది. కాబట్టి సోమశిల దగ్గరో వాడపల్లి దగ్గరో దొరికిన నది గుల్ల ప్రధానంగా సహ్యాద్రి వానల కథ చెబుతుంది. మన ఊరి వానల గురించి తెలియాలంటే ఊరి వాగు, కుంట గుల్లలే కావాలి. నల్లగొండ పక్కనున్న పానగల్ ఉదయసముద్రం పాత చెరువే, కానీ ఇప్పుడు అందులోకి ఎత్తిపోతల ద్వారా కృష్ణ నీళ్లు వస్తున్నాయి. అక్కడి ఇప్పటి గుల్లను స్థానిక వానకు గుర్తుగా తీసుకుంటే లెక్కంతా తప్పుతుంది.

ఏరేటప్పుడు పొర లోతు, మట్టి రంగు రాసుకోండి, కదపకముందే ఫొటో తీయండి. రెండు చిప్పలూ మూసుకుని కలిసే ఉన్న గుల్ల దొరికితే మంచిది, అది చాలావరకు బతికిన చోటే పూడిందని అర్థం. అంచులు అరిగిన ఒంటి చిప్పను వరద ఎక్కడి నుంచో తెచ్చి ఉండొచ్చు. రక్షిత పురావస్తు స్థలాల్లో మాత్రం అనుమతి లేకుండా చెయ్యి పెట్టకండి.

తర్వాత వయసు. మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 ఏళ్ల దాకా పనిచేస్తుంది. అయితే హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు నేలంతా సున్నపురాయి. ఆ రాయి నుంచి కరిగిన ప్రాచీన కార్బన్ గుల్లలో చేరితే వయసు ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది. వీలైతే అదే పొరలోని బొగ్గుముక్కకో, మాడిన గింజకో వయసు కట్టించండి.

ఇప్పుడు గుల్ల చెడిందా లేదా చూడాలి. మంచినీటి ఆల్చిప్ప ఆరగోనైట్ అనే ఖనిజంతో కడుతుంది. పాతబడే కొద్దీ అది అదే సరుకుతో వేరే అమరికలో ఉండే కాల్సైట్ అనే ఖనిజంగా మారిపోవచ్చు, మారితే పాత లెక్క చెరిగినట్టే. లోపలి ముత్యపు మెరుపు మిగిలి ఉండటం మంచి గుర్తు, కానీ అదొక్కటే చాలదు. ఆమ్లం చుక్క వేసి చూస్తే రెండూ పొంగుతాయి, తేడా తెలియదు. ఖనిజాలను రంగుతో గుర్తుపట్టే ఫైగల్ ద్రావణంలో ముంచితే ఆరగోనైట్ నల్లబడుతుంది, కాల్సైట్ తెల్లగానే ఉంటుంది. ఎక్స్-రేలతో ఖనిజం లోపలి అమరికను చూసే ఎక్స్-రే డిఫ్రాక్షన్ పరీక్షతో పూర్తిగా ఖాయమవుతుంది.

బాగున్న గుల్లను మెత్తని బ్రష్‌తో కడిగి, నీడన ఆరబెట్టి, విరగకుండా రెసిన్ పూసి, మొదలు నుంచి అంచు దాకా వజ్రపు రంపంతో నెమ్మదిగా కోయాలి. కోత ముఖాన్ని నునుపు చేసి లెన్స్ కింద పెడితే సన్నని గీతలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఎడంగా, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు దగ్గరగా ఉంటాయి. ఎదుగుదల మందగించిన చోటే అవి దగ్గరపడతాయి. సన్నని డ్రిల్‌తో పొర పొరకూ పొడి తీయండి. డ్రిల్ వేగం తక్కువ ఉంచండి, వేడెక్కితే ఆరగోనైట్ అక్కడే కాల్సైట్‌గా మారిపోవచ్చు. ఒక్కో నమూనాకు 50 నుంచి 100 మైక్రోగ్రాముల పొడి చాలు.

ఇక్కడి నుంచి ల్యాబ్ పని. పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను, తేలిక, బరువు రకాలను వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలుస్తారు. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) లాంటి సంస్థల్లో ఈ సదుపాయం ఉంది. విశ్వవిద్యాలయ జియాలజీ అధ్యాపకుల ద్వారా వెళ్లడం సులువు.

అంకెలు చేతికొచ్చాక వెంటనే ఉష్ణోగ్రత కట్టేయాలనిపిస్తుంది. ఆగండి. గుల్ల పెరిగిన నీటిలోని ఆక్సిజన్ నిష్పత్తిని వెయ్యికి ఒక్క వంతు తప్పుగా అనుకున్నా జవాబు నాలుగు డిగ్రీలకు పైగా మారిపోతుంది. అందుకే కాలువ నీళ్లు రాని ఒక కుంటను ఎంచుకుని, ఏడాది పొడవునా నీటి నమూనాలు పట్టండి. గాలి మిగలకుండా సీసా నిండా నింపి బిగించాలి. మండలం వాన లెక్కలు పక్కన పెట్టుకుని, అదే కుంటలో ఈ మధ్య చనిపోయిన గుల్లలో ఏ వాన ఎక్కడ నమోదైందో చూడండి. కుంట ఎండితే ఆ జీవి బురదలో మూసుకుని ఉండిపోతుంది, ఆ రోజులు గుల్లలో ఉండవు. నడివేసవి లెక్క తరచూ దొరకనిది అందుకే.

ఒక గుల్ల కొన్నేళ్ల కథే చెబుతుంది. అది కరువు ఏడాదిదో, వరద ఏడాదిదో మనకు తెలియదు. కాబట్టి ఒక్కో పొర నుంచి చాలా గుల్లలు తీసుకుని, ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య తేడా ఒక కాలంలో ఎంత, మరో కాలంలో ఎంత అని పోల్చండి.