సంక్రాంతికి నీళ్లు, శివరాత్రికి చేపలు: ఎండలకు ముందు మొక్కల అక్వేరియం జాగ్రత్తలు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇస్తారు. పిల్లలు చేపల తొట్టి కావాలని పట్టుబట్టేదీ అప్పుడే. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా కొత్త అక్వేరియం పెట్టడానికి ఏడాది మొత్తంలో అంతకంటే చెడ్డ సమయం లేదు. బయట 43, 44 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సాయంత్రమైతే గాలిదుమారం. అప్పుడు హడావుడిగా పెట్టిన తొట్టిలో చేపలు రోహిణి కార్తె దాకా ఉండవు. అందుకే నాదొక లెక్క: సంక్రాంతికి నీళ్లు పొయ్యాలి, శివరాత్రికి చేపలు వెయ్యాలి, ఉగాది దాటాక కొత్త చేపను ఇంట్లోకి తేవద్దు. ఈ ఏడాది ఆ లెక్క తప్పిపోతే మృగశిర దాకా ఆగండి. (ఆ రోజు ఊరంతా చేపల కూర వండుకుంటుంటే మీరు తొట్టి కడుగుతుంటారు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.)

సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఆ నెలా నెలన్నర ఊరికే పోదు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది మొక్కలకు ఎరువు. చేపల్లేని ఆ రోజుల్లో చిటికెడు మేత వేస్తూ ఉంటే, ఆ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల పాత తొట్టిలోని స్పాంజిని మీ తొట్టి నీళ్లలో పిండితే కాస్త తొందరగా అవుతుంది. నీళ్లు తేటగా కనబడుతున్నాయి కదా అని చేపలు వేస్తే కుదరదు, అమ్మోనియా కంటికి కనబడదు. చుక్కల మందుతో చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ సున్నాకు దిగాకే చేపల మాట.

మన నీళ్లతో ఇక్కడ ఇంకో చిక్కుంది. అమ్మోనియాలో చేపను చంపే భాగం పీహెచ్‌తో, వేడితో కలిసి పెరుగుతుంది (పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె). పీహెచ్ 7, నీళ్లు 25 డిగ్రీలు ఉంటే అది అర శాతం చిల్లర. పీహెచ్ 8, 30 డిగ్రీలు అయితే ఏడు శాతం పైనే. అంటే తక్కువ పీహెచ్ ఉన్న చల్లటి నీళ్లలో చేపలు తట్టుకున్న అదే మురికి, ఎక్కువ పీహెచ్ ఉన్న వేడి నీళ్లలో పదింతలకు మించి విషమవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల పీహెచ్ ఎక్కువున్నవే. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, అదలా ఉంచండి. బకెట్ అంచుకు, గీజర్ లోపల పేరుకునే తెల్లటి పొర (నీళ్లలోని సున్నపు లవణాలు, అవి ఎక్కువున్నవే గట్టి నీళ్లు) ఉంది చూడండి, తొట్టి పెట్టేవాడు ముందు పట్టించుకోవాల్సింది దాన్ని.

ఎండాకాలంలో రెండడుగుల తొట్టిలో నీళ్లు రోజురోజుకూ కిందికి దిగుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ పోతే రెండు నెలల్లో తొట్టి ఉప్పుబావి అవుతుంది. అందుకని తగ్గిన మేరకు నింపడానికి ఆర్‌వో నీళ్లు వాడండి, మన దగ్గర వీధికో ప్లాంటు ఉంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలు నల్లా నీళ్లే పొయ్యాలి. తొట్టి మొత్తం ఆర్‌వోతో నింపకండి. ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో క్లోరిన్ చూసుకోవాలి. బకెట్లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. తొందరైతే థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు చాలు. ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదటి ఏడాది మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, నల్లా తిప్పి పైపు నేరుగా తొట్టిలో పెట్టాను. డాబా మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు అవి. చెయ్యి పెడితే చుర్రుమన్నాయి. నేను చెయ్యి పెట్టింది అప్పటికే సగం నింపాక. చేపలు ఒకదాని మీద ఒకటి మూలకు చేరాయి. నాలుగు పోయాయి. అప్పటి నుంచి రాత్రే బకెట్లు పట్టి తొట్టి పక్కనే పెడతాను, పొద్దున్నే మారుస్తాను.

తొట్టి కొలత గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చిన్నది మాత్రం వద్దు. నీళ్లు తక్కువైతే అంత తొందరగా వేడెక్కుతాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టి 54 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్లు, గాజు కలిపితే 70 కిలోల దాకా తూగుతుంది. ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టకండి. పడమటి గోడకు, కిటికీ ఎండకు దూరంగా పెట్టండి.

అడుగున కడిగిన ఇసుక చాలు. పొలం మట్టి తేవద్దు. యూరియా పడ్డ మట్టి అంటే అమ్మోనియాను మీరే తెచ్చి పోసినట్టు. పత్తికి కొట్టిన పురుగుమందు గురించి చెప్పనే అక్కర్లేదు. రాళ్లకూ పరీక్ష ఉంది. రాయి మీద నిమ్మరసం పిండండి, బుస్సున నురగొస్తే సున్నపురాయి. హుజూర్‌నగర్, దామరచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, అటువైపు రాయి అలాంటిది. షాబాదు ముక్కలూ అంతే. అసలే ఉప్పగా ఉన్న నీళ్లను ఇంకా గట్టి చేస్తాయి. మామూలు గుట్ట రాయి, గ్రానైట్ అయితే భయం లేదు.

మొక్కల్లో వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, జావా ఫెర్న్, అనూబియాస్ మన నీళ్లకు ఓర్చుకుంటాయి. జావా ఫెర్న్, అనూబియాస్ దుంపను ఇసుకలో పాతితే కుళ్లుతుంది, దారంతో రాయికి కట్టాలి. చెరువు నాచు తెచ్చి నేరుగా వేస్తే దానితో పాటు జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల గప్పీ పిల్లను పట్టుకుని తినడం నేను చూశాను. లైటు ఎండాకాలంలో ఆరు గంటలు చాలు. పంచదార, ఈస్టు సీసాతో కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు మార్చిలోనే ఆపేయండి. వేడికి ఈస్టు రెచ్చిపోతుంది, గ్యాస్ ఎంత పోతుందో మన చేతిలో ఉండదు.

మొక్కలుంటే ఆక్సిజన్‌కు కొదవ లేదనుకుంటారు. పగలు నిజమే. లైటు ఆరాక అవీ చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుంటాయి. పైగా 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 32 డిగ్రీల నీళ్లు 7 చిల్లరే పట్టుకుంటాయి. అందుకే ఎండాకాలం తొట్టిని చూడాల్సింది తెల్లవారుజామున, అయిదింటికి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే రాత్రంతా ఎయిర్ పంపు వెయ్యాల్సిందే.

చేపల్ని మన నీళ్లకు తగ్గట్టు ఎంచుకోండి. గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్ గట్టి నీళ్లలోనే హాయిగా ఉంటాయి. జీబ్రా డానియో మన దేశపు చేపే, మొండిది. నియాన్ టెట్రా ఎంత అందంగా ఉన్నా మే నెలలో మన ఇళ్లలో బతకడం కష్టం. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, ఈ గుంపులో దానికి చోటు లేదు. ఏంజెల్ వేడికి తట్టుకుంటుంది కానీ పెద్దదయ్యాక చిన్న చేపల్ని మింగుతుంది. 54 లీటర్లకు ఆరు మగ గప్పీలు, ఆరు డానియోలు నా లెక్కలో నిండు సంసారం. గప్పీ ఆడవి కూడా వేస్తే నెలకో కాన్పు, ఆ తర్వాత మీ ఇష్టం. ఒక్కసారే అన్నీ వెయ్యకుండా వారానికి మూడు నాలుగు చొప్పున వెయ్యండి. హైదరాబాద్ నుంచి తెస్తే పొద్దుటి బస్సుకే రండి, కవర్లను థర్మకోల్ డబ్బాలో పెట్టుకోండి. ఇంటికొచ్చాక కవరు మూతి విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, విప్పాక ఆలస్యం చెయ్యకుండా చేపల్ని మాత్రమే చిన్న వలతో పట్టి వదలండి. కవరు నీళ్లు తొట్టిలో పొయ్యొద్దు.

మార్చి రాగానే హీటర్ ప్లగ్గు పీకి లోపల పెట్టేయండి. నీళ్లు 30 దాటితే మూత తీసి, పైన సన్నటి వల కప్పి, చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పండి. మనది పొడి ఎండ కాబట్టి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు నేరుగా వెయ్యకండి. సీసాలో నీళ్లు గడ్డ కట్టించి తేలనివ్వచ్చు, కానీ గంటకు ఒక డిగ్రీ మించి దిగకూడదు. తొట్టి ఉన్న గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు. వాటిలో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు మహా ప్రమాదం, ఎయిర్ పంపు ఆ గాలినే తీసుకెళ్లి నీళ్లలో కలుపుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీయడం మరవకండి.

కరెంటు పోయినప్పటికి బ్యాటరీ సెల్లుతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. అదీ లేకపోతే చెంబుతో తొట్టి నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. బయట వేలాడే ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపల కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే వెయ్యకుండా, స్పాంజిని తొట్టి నీళ్లలో కడిగి అప్పుడు వెయ్యండి.

ఇక పెళ్లిళ్లు. మేలో మనం ఇంట్లో ఉండేదెంత? ఒకసారి దేవరకొండలో చుట్టాల పెళ్లికి పోతూ పక్కింటి పిల్లాడికి మేత డబ్బా ఇచ్చాను. మూడో రోజు వచ్చేసరికి నీళ్లు మజ్జిగలా ఉన్నాయి, మేత అడుగున బూజు పట్టింది, ఐదు చేపలు తేలాయి. "ఆకలైతయేమో అని జరంత ఎక్కువ ఏసిన అంకుల్" అన్నాడు. వాడిని ఏమనాలి? పెద్ద చేపలు మేత లేకుండా నాలుగైదు రోజులు సులువుగా ఉంటాయి. ఎక్కువ రోజులు పోతే చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి తేదీ రాసివ్వండి, డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.

తొట్టి నడపలేకపోతే చేపల్ని చెరువులో వదలకండి, సక్కర్ ఫిష్‌ను అసలే వద్దు. గాజుకు అతుక్కుని పాచి తినే ఆ చేప అడుగుకు పైగా పెరుగుతుంది, దాని ముళ్లకు వలలు చిరుగుతాయి, చెరువు పట్టేవాళ్లు తలలు పట్టుకుంటున్నారు. కొన్న దుకాణంలో అడిగి చూడండి. ఊరికే ఇస్తానంటే చాలామంది తీసుకుంటారు.