సన్మాన పత్రంలో గౌరవ పదాలను ఎంచుకోవడం

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం మొదలుకొని కాలనీ సంఘం గది వరకు ఏదో ఒక వేదిక మీద ఎవరో ఒకరికి శాలువా కప్పుతూనే ఉంటారు. శాలువా కొనడం తేలికే గాని, దానితో పాటు చదివి ఇవ్వవలసిన సన్మాన పత్రం రాయడం మాత్రం కష్టం. రాసేవారు చాలామంది విశేషణాలను దండ గుచ్చినట్లు గుచ్చుతారు. పేరు మారిస్తే అదే పత్రం మరుసటి వారం మరొకరికి సరిపోతుంది. ఈ చిక్కు నుంచి బయటపడే దారి ఆ పదాల లోపలే ఉంది.

గౌరవాన్ని తెలిపే సంస్కృత పదాలలో ఎక్కువవాటిలో ఒక క్రియ దాగి ఉంటుంది. పూజనీయులు అంటే పూజించదగినవారు, మాన్యులు అంటే మన్నించదగినవారు, అనుసరణీయం అంటే అనుసరించదగినది. కాబట్టి పదం వెతకడానికి ముందు, సభలో కూర్చున్నవారు ఈ వ్యక్తిని పూజించాలా, మన్నించాలా, మెచ్చుకోవాలా, లేక ఆయన నడిచిన దారిలో నడవాలా అని ప్రశ్నించుకుంటే సగం పని పూర్తయినట్లే. పూజ్యులనే మాటను తల్లిదండ్రులకు, గురువులకు, పీఠాధిపతులకు ఉంచడం మంచిది. మంత్రులు, న్యాయమూర్తులు, అధికారులు గౌరవనీయులు. ఆ మాట వారి పదవికి చెందుతుంది. కలెక్టరుగారిని పూజ్యులని సంబోధిస్తే ముందుగా ఇబ్బంది పడేది ఆయనే.

ప్రశంసనీయం, శ్లాఘనీయం, అభినందనీయం అనేవి మనిషికంటే పనికే చక్కగా అతుకుతాయి. వీటిలో అభినందనీయం విషయంలో కొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ మాటలో పెద్దలు పిన్నల భుజం తట్టే ధోరణి ఉంది. పదో తరగతి విద్యార్థి కృషి అభినందనీయమంటే బాగుంటుంది. 80 ఏళ్ల పండితుని పాండిత్యం అభినందనీయమంటే మనం ఆయనకు మార్కులు వేస్తున్నట్లుంటుంది. అక్కడ శ్లాఘనీయం అనడం మేలు. ఆదర్శప్రాయులు అని రాసినప్పుడు ఏ విషయంలో ఆదర్శమో ఆ వాక్యంలోనే చెప్పాలి, లేకపోతే ఆ మాట వట్టి అలంకారంగా మిగిలిపోతుంది.

అచ్చు వేయించేముందు రెండు తప్పులను ప్రత్యేకంగా వెతకాలి. మొదటిది ‘పూజ్యనీయులు’. పూజ్యులు అన్నా పూజించదగినవారే, పూజనీయులు అన్నా పూజించదగినవారే. రెండింటినీ కలిపి అతికించిన ఈ రూపం ఫ్లెక్సీల మీద విచ్చలవిడిగా కనిపిస్తున్నప్పటికీ తప్పే. రెండవది న, ణ ల తారుమారు. స్మరణీయ, ఆదరణీయ, అనుసరణీయ అనే మాటలలో ఆ అక్షరం ర వెంటనే వస్తుంది గనుక ణ రాయాలి. పూజనీయ, శ్లాఘనీయ, ప్రశంసనీయ, మహనీయ అనే వాటిలో న ఉంటుంది. గౌరవనీయ కూడా నకారంతోనే స్థిరపడింది.

బతికి ఉన్నవారికి, గతించినవారికి వాడే మాటలను వేరుచేయకపోతే నవ్వులపాలవుతాం. కీర్తిశేషులు అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు. దివంగతులు, స్వర్గీయులు వంటి మాటలకంటే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇది మరణాన్ని చెబుతూనే గౌరవిస్తుంది. ఒకసారి పదవీ విరమణ చేస్తున్న ఒక మాస్టారి ఫ్లెక్సీ మీద నేనే ‘చిరస్మరణీయులు’ అని వేయించాను. అది చూసిన ఆయన చుట్టం ఒకరు కంగారుగా ఫోన్ చేసి, మాస్టారికి ఏమైందని అడిగారు. ‘వారి సేవ చిరస్మరణీయం’ అని ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు.

తెలుగు మాటలను తక్కువగా చూడనక్కర లేదు. దిట్ట, మేటి, నేర్పరి, చేయితిరిగిన, దొడ్డమనసు అనేవి సూటిగా తగులుతాయి. పొణికి కర్రతో బొమ్మలు చెక్కే కొండపల్లి కళాకారుణ్ణి ‘చేయితిరిగిన పనివాడు’ అన్నప్పుడు కలిగే భావం ‘కళాప్రపూర్ణులు’ అన్నప్పుడు కలగదు. అయితే వ్యంగ్యానికి అరిగిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘మహానుభావుడు, ఈరోజు కూడా రాలేదు’ అని మన ఇళ్లలో విసుక్కుంటాం. ఘనకార్యం అనే మాటైతే ఇప్పుడు దాదాపుగా ఎత్తిపొడుపే. పేరుమోసిన అనే మాట దొంగలకూ రౌడీలకూ అలవాటైపోయింది కాబట్టి, వైద్యునికో గాయకునికో పేరుపొందిన, పేరెన్నికగన్న అని రాయాలి.

వస్తువులకు, కట్టడాలకు మరో కొలత ఉంది. అరుదైనదైతే అపురూపం, వెలకట్టలేనిదైతే అమూల్యం, చూడగానే అబ్బురం కలిగిస్తే అద్భుతం. ఉండవల్లి కొండను తొలిచి మలిచిన గుహాలయంలోని అనంతశయనుడు అద్భుతం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ డెల్టాకు ఎంతో ఉపయోగపడుతున్నది, కాబట్టి దానిని మహోపకారి అనడమే సబబు.

బిరుదుల జోలికి తొందరపడి వెళ్లకూడదు. ఆంధ్రకేసరి అంటే టంగుటూరి ప్రకాశం పంతులు, ఆంధ్రరత్న అంటే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, దేశభక్త అంటే గుంటూరు కొండా వెంకటప్పయ్య, నవయుగ కవిచక్రవర్తి అంటే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా. ఆ మాటలు ఆ మనుషులకు పేర్లుగా స్థిరపడ్డాయి. వాటిని తీసి వార్డు నాయకునికి తగిలిస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఇక రాసే పద్ధతి. గుంటూరు పక్క పల్లెలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ప్రధానోపాధ్యాయురాలికి పత్రం రాయాలనుకుందాం. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి, సౌజన్యమూర్తి, విద్యాదాత, మహోన్నత వ్యక్తిత్వ సంపన్నురాలు’ అనే వరుసను కొట్టివేసి, ఒక్క గౌరవ పదాన్ని మాత్రం ఉంచి, దానికి కారణం చూపాలి: ‘మిరప కోతల కాలంలో బడి మానిన పిల్లల కోసం 30 ఏళ్లపాటు చేల గట్ల వెంట నడిచి, వారి తల్లిదండ్రులను ఒప్పించి, తిరిగి తరగతిలో కూర్చోబెట్టిన మా పెద్ద పంతులమ్మగారు మాకు పూజ్యురాలు.’